నారాయణమ్మ అర్జీ

నాయనా,

నువ్వు పోయి ఈ పొద్దుకి ఏడాది. ఉండింటే ఈ సంగతి ముందు నీకే సెప్పేదాన్ని.

మా రెవెన్యూ ఆఫీసుకు నారాయణమ్మ అనే ముసలామె ఆర్నెల్లుగా తిరగతాండేది. మొగుడు పోయినాక ఆమె చేను ఆన్‌లైన్లో మరిది పేరున ఎక్కిపోయింది. మరిది పలుకుబడి ఉండే మనిషి. "ఆ ఫైలు అట్లనే పెట్టమ్మా," అన్నాడు నాతో మా ఆఫీసరు.

మన మదనపల్లి చర్చిలో నువ్వు చెప్పే వాక్యం మతికొచ్చింది. విధవరాలి మొర విన్నావా అని దేవుడు ఏ సర్కారునైనా ముందు అడుగుతాడంటివి. పొద్దంతా కూలి చేసొచ్చి నువ్వు సర్కారుకు బుద్ధి చెప్తాంటే నాకు నవ్వొచ్చేది. ఈసారి రాలేదు నాయనా.

చేను కాడికి పోయి, ఊరోళ్లను విచారించి, అది ఆమెదేనని పైకి రిపోర్టు రాసినా. మొన్న ఆమె పేరుతో పాసుబుక్కు వచ్చింది. వెనకాలే నాకు కుప్పానికి బదిలీ ఆర్డరూ వచ్చింది.

టేబులు సర్దుకుంటాంటే నారాయణమ్మ వచ్చింది.

"నా వల్లనే కదమ్మా," అని కండ్లు తుడుచుకునింది.

"యాడైనా పనే కదమ్మా," అంటి.

నా చెయ్యి పట్టుకునింది.

"కుప్పంలోనూ నా మాదిరోళ్లు ఉంటారులే. పోయిరా తల్లీ," అనింది.

నీ కూతురు