పద్మ గొంతున్న మెట్టు

ఆళ్లగడ్డ, 2004, ఆదివారం

నా భార్య పద్మ ఆఖరి రోజు మామూలుగానే మొదలైంది. అమ్మేయబోతున్న పాత సింథసైజర్ కీబోర్డు శబ్దాలను పొద్దునంతా కంప్యూటర్లోకి ఎక్కించాం. మూడు మెట్లకొకటి చొప్పున ఆమె నొక్కి పట్టుకుంది, నేను మైకు పెట్టి రికార్డు చేశాను. సాయంత్రం గుండెనొప్పి వచ్చింది. నంద్యాల ఆసుపత్రి చేరకముందే పోయింది.

ఏడాది తర్వాత ఈరోజే ఆ శబ్దాలు తెరిచాను. రికార్డింగ్ స్టూడియో నడిపే మస్తాన్ పక్కనే ఉన్నాడు. ఒక స్వరం సన్నగిల్లుతుండగా ఆమె గొంతు వినిపించింది.

"ఏమప్పా, ఇంగెంతసేపు పట్టుకోవల్ల?"

మస్తాన్ నవ్వేశాడు. "వదిన ఈడ గూడా నిన్ను గదమాయిస్తాండాదే!" తర్వాత నా ముఖం చూసి, "ఆ ముక్క కోసెయ్‌న్నా" అన్నాడు.

కోయలేదు. కంప్యూటర్‌కు తగిలించిన కొత్త కీబోర్డు మీద పక్క మెట్లు నొక్కి చూశాను. రికార్డు చేయని మెట్లకు సాఫ్ట్‌వేర్ అదే శబ్దాన్ని సాగదీసో కుదించో ఇస్తుంది. కింది మెట్టుకు ఆమె మాట ఎవరో మగవాడు అన్నట్టు బరువుగా వచ్చింది. పై మెట్టుకు చిన్నపిల్ల గొంతైంది. పదిసార్లు నొక్కాక, మూడింటిలో పద్మ ఏదో ఒక్క క్షణం నాకు తెలియలేదు. ఇంకో ఏడాదికి…

రేపు పొద్దున ఆ పక్క మెట్లకు వేరే స్వరాలు పెడతాను. ఆమె మాటను ఆమె నొక్కిన మెట్టుకే ఉంచుతాను.