బాకు మీద పేరు

ట్రోల్స్ అన్నయ్యా,

దొరికాడు! నాన్నకి యుద్ధమప్పుడు ఇసుకలో దొరికిన జర్మన్ అధికారి బాకు ఎవరిదో తెలిసిపోయింది. దానిమీద ‘టి. హార్మ్‌సెన్, హుసుమ్, 1939’ అని ఉందని, ఆ పేరుగల అధికారికోసం రెండేళ్లు వెతికాం కదా? నిన్న అమ్మ పెళ్లి ఉంగరం తోముతుంటే లోపల నాన్న పేరు కనిపించింది. ఇచ్చినవాళ్ల పేరేగా చెక్కిస్తారు, పిచ్చి మొహాలం! జర్మనీలోని ఆ హుసుమ్ ఊరి చర్చికి ఫోన్ చేశాను. టోమా హార్మ్‌సెన్ ఆ ఏడాదే ఎగర్ట్ అనే నౌకాదళ అధికారిని పెళ్లాడిందట. ఆవిడ బతికే ఉంది! చర్చివాళ్లు నంబరిస్తే మాట్లాడాను.

“ఎగర్ట్ యుద్ధంనుంచి తిరిగి రాలేదు. నేనిచ్చిన ఆ బాకుని నడుమునుంచి తీసేవాడే కాదమ్మా. మీ నాన్నకెలా వచ్చింది?” అంది.

ఆదివారం ఆవిడ వస్తోంది. ఇసుక కథ ఆవిడ నమ్మదు. ఈలోపు నాన్నని నువ్వే అడుగు. నాకు ధైర్యం చాలడంలేదు.

నీ చెల్లి