కోల్డ్ బ్లడ్ అంటే

అన్నా,

ఈ రోజు సూరత్ కోర్టులో నిన్ను చంపినవాడికి శిక్ష పడింది. మగ్గంలో తోటి పనివాడి చెయ్యి నలుగుతుంటే నువ్వు పరుగెత్తి కరెంటు ఆపేశావు. పని ఆగిందని, మనల్ని కూలికి పెట్టుకున్న ఠేకేదారు ఇనుప రాడ్డుతో నీ తల పగలగొట్టాడు. బయటికి పోయి చాయ్ తాగి వచ్చి, నెత్తుట్లో పడి ఉన్న నిన్ను మళ్లీ మూడు దెబ్బలు కొట్టాడు.

వాడి వకీలు 'హీట్ ఆఫ్ ద మూమెంట్' అన్నాడు. అంటే ఏమిటని పక్కనున్న నీ బిడ్డ స్వప్నను అడిగాను.

"కోపంల ఒళ్లు తెల్వక కొట్టిండని అంటున్నడు అత్తా."

జడ్జి మాత్రం తీర్పులో 'కోల్డ్ బ్లడ్' అని చదివాడు.

"సల్లటి నెత్తురేందే?"

"కోపం దిగినంక, తెలిసి తెలిసి సంపుడు. నువ్వు జెప్పిన చాయ్ ముచ్చట జడ్జి నమ్మిండు."

వాడికి యావజ్జీవం వేశారు. "నీ సాక్ష్యంతోనే అత్తా" అని స్వప్న నన్ను పట్టుకుని ఏడ్చింది.

వాడు బయటికి పోయినప్పుడు నువ్వు బతికే ఉన్నావు. "చెల్లే, జర లేపు" అని రెండుసార్లు పిలిచావు. నేను భయంతో నూలు డబ్బాల వెనక నోరు మూసుకుని కూర్చున్నాను. కోర్టులో ఆ సంగతి ఎవరూ అడగలేదు. స్వప్నకు రేపు పొద్దున చెబుతాను.