తడి తువ్వాల

అన్నా,

పత్తికి పురుగుమందు కొట్టుకుంట నువ్వు చేన్ల పడిపోయి, మళ్ల లేవక యాడాదైంది.

రాకెట్ ఎగిరిందంటే పనాపి ఫోన్ల చూస్తుంటివి గదా, అంతరిక్షంల ఉండొచ్చిన డాక్టరమ్మ నిన్న మా గద్వాల కాలేజీకి వచ్చింది. అక్కడ మనుషుల ఒంటికి ఏమైతదో చూసుడే ఆమె పని. ఇప్పుడు గాలిని, నీళ్లను కాపాడుకోమని ఊరూరు తిరుగుతుంది. "పైన గాలిని పరీక్షించకుండ ఒక్క ఊపిరి గూడ తీయం" అన్నది.

నేను లేచి అడిగిన. "మందు కొట్టేటప్పుడు తడి తువ్వాల కట్టుకుంటే సరిపోదా మేడం?"

"తడి బట్ట మందును గుంజుకొని ముక్కుకాడనే పెడ్తదమ్మా."

రోజూ తడిపి నీకు కట్టింది నేనే గదా అన్నా.

మందును ఆపే మాస్కు వేరే ఉంటది, అదే పెట్టుకోమన్నది ఆమె. గద్వాలంత తిరిగినా దొరకలే. ఇయ్యాల పొద్దుగాల వదిన మందు డబ్బా వీపుకెత్తుకొని, నీ తువ్వాల నా చేతికిచ్చింది.

"కట్టు, ఎండెక్కుతుంది" అన్నది.

తడపకుండ కట్టిన.