భయమెరుగని మనిషి టీకప్పు

హాంప్‌షైర్, గురువారం, 1949

హెర్బర్ట్, మీ బావ క్లిఫర్డ్ ప్రాణాల మీదికి తెచ్చింది నీ కలమే. ప్రస్తుతానికి అందరం క్షేమం, అమ్మను కంగారు పెట్టకు.

కొత్త జెట్ విమానాన్ని పరీక్షించాక క్లిఫర్డ్ దాన్ని తన ఇంటి మీదుగా తక్కువ ఎత్తులో తెచ్చి దించుతాడు. ఆ మోత వినగానే మీ చిన్నక్క మేవిస్ టీకి నీళ్లు పెడుతుంది. నిన్న తోక ఊగిపోయి, ఇంజను ఆగిపోయి, విమానం చప్పుడు లేకుండా వంటింటి కిటికీ దాటింది. పిచ్చిపిల్ల, అయినా నీళ్లు పెట్టింది.

పారాచూట్‌తో దూకెయ్యమని కిందివాళ్లు రేడియోలో అరిచారట. "దూకితే ఇది తునాతునకలవుతుంది. లోపమేంటో తెలీకపోతే రేపు ఇంకొకడు చస్తాడు" అని దించుకొచ్చాడు. తోకలో పగులు దొరికింది. కంపెనీ పెద్దమనిషి దానికి అతుకేయించి సోమవారం మళ్లీ ఎగరమన్నాడు, పత్రికలో నువ్వు రాసిన వ్యాసం చూపించి మరీ. "భయమెరుగని మనిషని మీ బావమరిదే రాశాడుగా!" అన్నాడట.

"కుదరదని చెప్పొచ్చుగా నాయనా" అన్నాను క్లిఫర్డ్‌తో.

"ఇప్పుడు భయమేస్తోందంటే మీ తమ్ముడు అబద్ధాలకోరు అయిపోడూ వదినా?" అని నవ్వాడు. టీకప్పు మాత్రం రెండు చేతులతో పట్టుకున్నాడు.

భయపడే హక్కు కూడా లేనివాడికి బిరుదులెందుకురా? అమ్మ దగ్గు తగ్గిందా?

శనివారం పత్రికలో పగులు సంగతి రాయి. కొత్త తోక బిగించేదాకా ఎవరినీ ఎక్కించొద్దని రాయి. మీ బావకు భయమేస్తుందని రాయి. అమ్మ అల్లిన ఉన్ని మేజోళ్లు పంపు.

పెద్దక్క వినిఫ్రెడ్