ఊపిరాడని యోగీంద్రుడు

ఆమదాలవలస,
18 ఆగస్టు 2024, ఆదివారం.

చిరంజీవి గిరిబాబుకి,

నీ అప్ప రేఖ దీవెనలు. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. అక్కడ నువ్వూ, మరదలు శైలజా, పిల్లలూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. నాన్న నేర్పిన మర్యాద గనక ఈ నాలుగు ముక్కలూ ముందు రాశాను. ఇక్కణ్ణుంచి కోపంతో రాస్తున్నాను. అలాగే చదువుకో.

ఫోనులో చెప్పబోతే పెట్టేశావు. మళ్లీ చేస్తే శైలజ ఎత్తి, ఆయన మావయ్యగారి ఆరాధన ఏర్పాట్లలో ఉన్నారు వదినా అంది. అందుకే ఉత్తరం. దీన్ని మధ్యలో పెట్టెయ్యడం నీవల్ల కాదు.

నాన్న పోయి ఏడాది కావస్తోంది, ఒకసారి ఊళ్లో మన చేను చూసొద్దామని అమ్మ అడిగితే శుక్రవారం బొబ్బిలి బస్సెక్కాం. నాన్నని పూడ్చిన చోట నువ్వు గచ్చు కట్టించావని తెలుసు. ఇంకేమీ తెలియదు. చేను చేరకముందే రోడ్డు మీంచి ఫ్లెక్సీ కనబడింది. నాన్న ఫోటో, తల వెనక సూర్యుడు, మెడలో రుద్రాక్షలు. బతికినన్నాళ్లూ మెడలో తువ్వాలు తప్ప మరొకటి వేసుకోని మనిషి! కింద నా చెయ్యంత అక్షరాలు: ‘శ్వాసను జయించిన సిద్ధపురుషులు శ్రీశ్రీశ్రీ గణపతి యోగీంద్రుల వారి సజీవ సమాధి.’

అమ్మకి చదువు రాదు కదా, ఏటి రాసినారే అని అడిగింది. చదివాను. రెండోసారి చదవమంది. మరి మీ నాన్న పేరేదీ, అంది.

గచ్చు దగ్గర దానమ్మ కూర్చుని ఉంది. మన చేలో నాట్లకి వచ్చే దానమ్మే. ఆమె మనవరాలికి పుట్టినప్పటి నుంచీ ఆయాసం, నీకూ తెలుసు. యోగా నేర్పుతానని నీ వెంట తిరిగే ఆ ఈశ్వర్ ఆమెకి విభూతి పొట్లం కట్టిచ్చాడట. స్వామివారు ఊపిరినే గెలిచారు, ఇంక మందులెందుకు, పిల్లగుంట పీల్చే ఇన్‌హేలర్ సమాధి ముందు వదిలెయ్యి అన్నాడట. వదిలేసింది. వారం తిరక్కుండా పిల్ల పెదాలు నీలమెక్కాయి. ఆటోలో ఆసుపత్రికి మోసుకెళ్లి ఆక్సిజన్ పెట్టించారు. బతికింది. దేవుడు చల్లగా చూశాడు గనక నీకీ ఉత్తరం రాస్తున్నాను. లేకపోతే పోలీసుల్ని వెంటబెట్టుకుని నీ గుమ్మం ముందు నిలబడేదాన్ని.

దానమ్మ ఎందుకొచ్చిందో తెలుసా? క్షమాపణ చెప్పుకోడానికి. తన నమ్మకంలోనే ఏదో లోపముందని, స్వామికి కోపమొచ్చిందని గచ్చు మీద తల ఆన్చి ఏడుస్తోంది. పళ్లెంలో కుంకుమకీ అరటిపళ్లకీ మధ్య ఆ ఇన్‌హేలర్ ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది గిరీ.

శ్వాసని జయించాడా మన నాన్న? నాన్ననే శ్వాస ఓడించింది. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని డాక్టరు చెప్పినప్పుడు నువ్వూ పక్కనే ఉన్నావు. పడుకుంటే ఊపిరాడేది కాదు. దిండ్లు పేర్చుకుని గోడకి ఆనుకుని కూర్చునే కునుకు తీసేవాడు. గ్లాసుడు మంచినీళ్లు తాగడానికి మధ్యలో ఆగేవాడు. పద్యం చదివితే పెరట్లోకి వినబడే గొంతు, చివరికి అమ్మని దాలీ అని పేరు పెట్టి పిలవడానికి కూడా చాల్లేదు. చివరి రోజు మధ్యాహ్నం అలా కూర్చునే పోయాడు. నేను పాఠాలు చెప్పి బడి నుంచి వచ్చేసరికి గోడకి చేరగిలి, చేతులు ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. నువ్వొచ్చేసరికి తెల్లారింది. ఒళ్లు బిగుసుకుపోయి పాడె మీద చాపడం కుదరక కూర్చోబెట్టే ఊరికి తీసుకెళ్లాం. నాన్న యోగిలా పోయాడప్పా అని నువ్వు ఆయన కాళ్లు పట్టుకుని ఏడిస్తే ఎవరూ కాదనలేదు, అలా కూర్చోబెట్టే పూడ్చాం. ఏడ్చే మనిషిని ఎవరు దిద్దుతారు? ఆ ఏడుపులో అన్న మాటని తీసుకెళ్లి ఫ్లెక్సీ మీద అచ్చేయిస్తావా?

అదీ ఏ మాట? సమాధి. నాన్న ఒక పూటంతా చెప్పిన మాట. మనిద్దర్నీ, తొమ్మిదో తరగతి పిల్లల్నీ శాలిహుండం కొండ ఎక్కించిన రోజు గుర్తు తెచ్చుకో. కింద వంశధార, పైన ఇటుకల స్తూపం. ఇది ఎవరి సమాధి మాస్టారూ అని ఎవడో అడిగాడు. నాన్న నవ్వి, ఆ మాట అంత చిన్నది కాదురా అని ఇటుకల పక్కనే కూర్చోబెట్టాడు. చెదిరినదాన్ని చక్కగా ఒకచోట కుదర్చడం, అదీ దాని ధాతువులో ఉన్న అర్థం అన్నాడు. యోగశాస్త్రంలో అది ఎనిమిదో మెట్టు, మనసు తాను చూస్తున్నదాంట్లో తనని తాను మరిచిపోవడం. బౌద్ధుల ఎనిమిదంచెల దారిలోనూ చివరిది అదే. కానీ శీలం ముందు, సమాధి తర్వాత, ప్రజ్ఞ ఆ తర్వాత అని వాళ్లు వరస పెట్టారు, నడవడి బాగాలేనివాడికి సమాధి లేదురా అన్నాడు. జైనులు ‘సమాధి మరణం’ అంటారు, కోపమూ ఆశా వదిలేసి తెలివితో చావుకి ఎదురెళ్లడం. సన్యాసుల్ని పూడ్చిన చోటుకి ఆ పేరు పెట్టారు, పోగాపోగా ఎవర్ని పూడ్చినా అదే పేరైంది. సమాధానం కూడా ఆ ఇంటి పిల్లే అన్నాడు. మనకి అది జవాబు, చర్చిలో ప్రార్థన చేసుకునేవాళ్లకి శాంతి.

ఇంకోటి కూడా చెప్పాడు. ఒకదాని లక్షణాన్ని మరొకదాని మీద పెట్టి చెబితే, కలువ కళ్లు మూసింది అన్నట్టుగా, ఆలంకారికులు దాన్నీ సమాధి అంటారు. నీకు తెలిసింది ఆ ఒక్క సమాధే. ఏ యోగి లక్షణాన్నో తెచ్చి, ఊపిరాడక అల్లాడిన మన నాన్న మీద అంటించావు. కవిత్వంలో అయితే దాన్ని గుణమంటారు. ఆయాసంతో ఉన్న పిల్ల ముందు దాన్ని ఏమంటారో నువ్వే చెప్పు.

ఇన్ని మతాలు ఈ ఒక్క మాటని ఇన్ని రకాలుగా వాడుకున్నాయి. మందు మానెయ్యమనడానికి ఒక్కరూ వాడలేదు.

నీకు దురాశ ఉందని నేననను. నువ్వు నమ్మావు. కానీ నీ నమ్మకం నీ పూజగదిలో ఉంటే నాకు గొడవ లేదు. అది రోడ్డు మీదికొచ్చి దానమ్మ చేతిలోంచి మందు లాక్కుంది.

ఇప్పుడు నేను చేసింది విను. పళ్లెంలోంచి ఇన్‌హేలర్ తీసి దానమ్మ చేతిలో పెట్టాను. మా నాన్న ఏ రోగంతో పోయాడో, ఏ మాత్రలు మింగేవాడో, అన్నీ చెప్పాను. ఆమె నన్ను నమ్మలేదు, అమ్మ వైపు చూసింది. అమ్మ తలూపింది. దానమ్మ బొడ్లోంచి కొడవలి తీసి నాకిచ్చింది. ఫ్లెక్సీ తాళ్లు నేనే కోశాను. ఈశ్వర్ పరిగెత్తుకొచ్చి, భక్తుల మనసు నొప్పిస్తున్నారు మేడమ్ అన్నాడు. భక్తురాలు ఇదిగో, తన మనసేమంటోందో అడగమన్నాను. దానమ్మ అప్పటికే రెండో వైపు తాడు లాగుతోంది.

ఆరాధన ఆపు. ఊళ్లో నువ్వే నిలబడి, ఆ విభూతి మందు కాదని చెప్పు. గచ్చు ఉండనీ. దాని మీద ‘కొయ్యాన గణపతిరావు, తెలుగు పండితుడు’ అని చెక్కించు. పక్కన ఇంకే బిరుదూ వద్దు. చెయ్యకపోతే వచ్చే ఆదివారం నేనే మేస్త్రీని తీసుకెళ్తాను.

నీ మేలు కోరుతూనే నీ మీద మండిపడుతున్న
అప్ప,
రేఖ

తాజా కలం: కవరు అంటించేముందు ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. అంతా విని, నాన్న కూర్చునే పోయాడన్న చోట మళ్లీ చదవమంది. ఆ తర్వాత అంది, “కూకుని పోనాడని ఎవలు సెప్పినారే నీకు? నా ఒళ్లో తల ఎట్టుకుని తొంగున్నాడు. ఈ పూట ఆయాసం నేదే దాలీ అన్నాడు. అలాగే పోనాడు. నువ్వు బడి నుంచి వచ్చీలోపల నానే లేపి గోడకి కూకోబెట్టినాను.”

మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా అంటే, నన్నెవలూ అడగనేదు అంది. గిరిగాడు చూసింది అమ్మ చేతి పనేనని, వాణ్ణి మరీ అంతలా తిట్టొద్దని, ఇది కూడా రాయమని చెప్పింది.

పోయిన మనిషిని లేపి ఎందుకు కూర్చోబెట్టావని అడిగాను.

“పడుకుంటే ఆయనకి ఊపిరాడదు కదే. పోనాడని తెలుసు. తెలిసినా, పడుకోబెట్టీడానికి నాకు సెయ్యి రానేదు.”