తలగడ కింది ఆరుమూలల బొమ్మలు

మణీ, నీకేమన్నా అయితాదేమోనని తెల్లారినప్పటి నుంచి నీ గది బయట గొణుక్కుంటానే ఉన్నాను. నీకు వినపడే ఉంటాది. తలుపు తట్టినా పలకలేదు, అందుకే రాసిపెట్టి పోతాండాను.

పొద్దుటి బస్సుకు నంద్యాల పోయి, నీతో చదివే ఎస్తేరు దగ్గర ఆ ఆర్గానిక్ కెమిస్ట్రీ నోటుపుస్తకం అడిగి తెస్తాను. దారిలో బస్సు చెడకపోతే సాయంత్రానికి ఆళ్లగడ్డలో దిగుతాను. జొన్నరొట్టె గుడ్డలో చుట్టి పెట్టినాను. నిన్నటి మాదిరి కక్కుకుంటే మజ్జిగన్నా తాగు. తలుపు దగ్గరికి వేసుకో గానీ గడియ పెట్టుకోవద్దు తల్లీ.

నీ తలగడ కింద ఆ ఆరుమూలల బొమ్మలు, చుట్టూ ఇంగ్లీషు అక్షరాలు చూసి, ఎవరో చేతబడి చేయించినారనుకున్నాను. ప్రార్థన చేసుకొని ఆ కాగితాలు పొయ్యిలో వేసినాను. అది నువ్వు పరీక్షకు రాసుకున్న పాఠమని నాకేం తెలుసు? సోమవారమే పరీక్షాయె. నాలుగు దినాలుగా నాతో ఒక్క మాట లేదు. తిట్టినా బాగుండు.

అమ్మ

పరీక్ష పోతే పోనీలే. నువ్వుంటే నాకు చాలు.

(కింద పెన్సిలుతో, కూతురి రాత)

అమ్మా, నీ మీద కోపం కాదు. ఆ కాగితాలు ఉన్నప్పుడు కూడా ఎన్నిసార్లు చదివినా ఒక్కటీ గుర్తుండేది కాదు. చెప్తే నువ్వు నాకంటే ఎక్కువ బెదురుతావని నోరు మూసుకున్నాను. నాకు చానా భయంగా ఉందమ్మా.